ఖాళీ కాని గిన్నె

వానలు మొదలయ్యాక హైదరాబాద్ అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో పిల్లి కూనలు కనబడడం మామూలే. స్కూటర్ చక్రం వెనక ముడుచుకుని, తడిసి, గొంతు పోయేలా అరుస్తున్న కూనను చూస్తే ఎవరికీ అడుగు ముందుకు పడదు. పాత టవల్లో చుట్టి పైకి తెస్తారు. ఇంట్లో అప్పటికే నాలుగైదేళ్ల పిల్లి ఒకటి ఉంటుంది. దానికి తోడు దొరికిందని పిల్లలు సంబరపడతారు. సాయంత్రానికల్లా కూన కడుపు నిండా తిని సోఫా మీద గంతులేస్తుంటుంది. పెద్ద పిల్లి మాత్రం బీరువా ఎక్కి కూర్చుంటుంది. రాత్రి దాని గిన్నెలో పోసినది తెల్లారేదాకా అలాగే ఉంటుంది. మర్నాడూ అంతే.

‘అలిగింది, ఆకలేస్తే అదే దిగొచ్చి తింటుంది’ అని ఇంట్లో ఎవరో ఒకరు తేల్చేస్తారు. ప్రేమతోనే అంటారు. కానీ ఆ ఒక్క మాట వల్ల పోయే సమయం పిల్లి ప్రాణం మీదికి తెస్తుంది. ఆకలి ఎంత పెరిగినా భయపడిన పిల్లి గిన్నె దగ్గరికి రాకపోవచ్చు. ఈలోగా దాని కాలేయం మనిషి కాలేయంలా ఓపిక పట్టదు.

ముందు కాలేయం సంగతే చెప్పుకోవాలి. ఈ కథలో గడువు పెట్టేది అదే.

ఏకాదశికి ఒక్కపొద్దున్న మనిషికి మర్నాటికి నీరసం తప్ప పెద్దగా ఏమీ కాదు. ఒంట్లో దాచుకున్న కొవ్వు కరిగి కాలేయానికి చేరుతుంది, కాలేయం దాన్ని ఇంధనంగా మార్చి మెదడుకీ కండరాలకీ పంపిస్తుంది. పిల్లిలోనూ కొవ్వు కరుగుతుంది, కాలేయానికి చేరుతుంది. చిక్కు ఆ తర్వాత వస్తుంది. వచ్చిపడే కొవ్వును ఖర్చు చేయడానికీ, ప్రోటీన్‌తో జతచేసి తిరిగి రక్తంలోకి పంపడానికీ పిల్లి కాలేయానికి వేగం చాలదు. పైగా ఆ పనికి కావలసిన ప్రోటీన్ తిండి నుంచే రావాలి, ఆ తిండే ఆగిపోయింది. కొవ్వు కాలేయ కణాల్లోనే పేరుకుపోతుంది. కణాలు ఉబ్బి, వాటి మధ్య పైత్యరసం పారే సన్నటి దారులు నొక్కుకుపోతాయి. పిల్లికి కామెర్లు వస్తాయి. వైద్యులు దీన్ని హెపాటిక్ లిపిడోసిస్ అంటారు. రెండు మూడు రోజుల పూర్తి పస్తు చాలు ఇది మొదలవడానికి, కొన్నింటిలో వారం పట్టవచ్చు. రోజూ కొంచెం కొంచెం కొరుకుతూ, కావలసిన దాంట్లో సగం కూడా తినకుండా వారం పది రోజులు గడిపిన పిల్లికీ రావచ్చు. బొద్దుగా ఉన్న పిల్లికి ముప్పు మరీ ఎక్కువ, ఎందుకంటే కరిగి కాలేయం మీద పడే కొవ్వు దాని ఒంట్లో అంత ఉంది. ‘ఒళ్లుంది కదా, రెండు రోజులు తినకపోతే ఏం’ అనుకోవడం సరిగ్గా తలకిందుల లెక్క.

పిల్లి ఇలా ఎందుకు తయారైందో వెతికితే దాని వేట బతుకు దగ్గరికి చేరతాం. తరతరాలుగా మాంసం తప్ప మరొకటి ఎరగని జంతువు అది. మాంసం ఎప్పుడూ అందుతుందన్న భరోసాతో దాని కాలేయంలోని ఎంజైములు ప్రోటీన్‌ను విడగొట్టే పనిని ఎడతెగకుండా చేస్తుంటాయి. తిండి తగ్గినప్పుడు కుక్క, మనిషి ఆ పనిని బాగా తగ్గించుకోగలరు, పిల్లికి ఆ వెసులుబాటు చాలా తక్కువ. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో జేమ్స్ మోరిస్, క్విన్టన్ రోజర్స్ 1978లో ప్రచురించిన ప్రయోగం ఈ విషయాన్ని కళ్లకు కట్టింది. రాత్రంతా ఖాళీ కడుపుతో ఉన్న పిల్లులకు ఆర్జినైన్ అనే ఒకే ఒక్క అమైనో ఆమ్లం లేని భోజనం ఒక్కపూట పెట్టారు. కొన్ని గంటల్లోనే రక్తంలో అమ్మోనియా విషస్థాయికి చేరి పిల్లులు కుదేలయ్యాయి. మాంసంలో ఆర్జినైన్‌కు ఎన్నడూ కొదవ ఉండదు కాబట్టి దాన్ని సొంతంగా తగినంత తయారుచేసుకునే అవసరం పిల్లి శరీరానికి కలగనేలేదు.

అలాంటిదే టారిన్. 1975లో టారిన్ లోపంతో పిల్లి కంటి రెటీనా చెడిపోతుందని తేలింది. 1987లో అదే డేవిస్‌లో పాల్ పయాన్ బృందం, గుండె కండరం బలహీనపడిన పిల్లులకు టారిన్ ఇస్తే గుండె తిరిగి కోలుకుంటుందని చూపించింది. ఆ తర్వాతే ప్యాకెట్ తిండి కంపెనీలు తమ తయారీలో టారిన్ మోతాదు పెంచాయి. పెరుగన్నం, పాలన్నం మీద పిల్లులను పెంచే ఇళ్లు మనకు ఇంకా చాలా ఉన్నాయి. ఆ ప్రేమను ఎవరూ శంకించరు. కానీ అలా పెరిగిన పిల్లి ఒంట్లో ముందునుంచే కొరత ఉంటుంది, పస్తు దాన్ని ఇంకా తొందరగా కూలదోస్తుంది.

నాలుగు కిలోల పిల్లి కదలకుండా పడుకున్నా రోజుకు సుమారు 200 కిలోకాలరీలు కావాలి. డ్రై ఫుడ్ లెక్కన అది దాదాపు 50, 55 గ్రాములు. కచ్చితమైన అంకె ప్యాకెట్ వెనక ముద్రించి ఉంటుంది. ఇద్దరు ముగ్గురు మనుషులున్న ఇంట్లో ఎవరు ఎంత వేశారో, ఎవరు ఎంత తిన్నారో తెలియక ‘ఏదో తింటూనే ఉంది’ అన్న భ్రమ ఏర్పడుతుంది. పైగా పెద్ద పిల్లి గిన్నెను కూన నాకేసి ఉండవచ్చు. వంటింట్లో పిండి తూచే చిన్న డిజిటల్ కాటా ఉంటే ఈ భ్రమ ఒక్కరోజులో వదిలిపోతుంది. పెట్టినప్పుడు గ్రాములు, తీసినప్పుడు గ్రాములు రాసుకుంటే సరి.

ఇక కూన రాగానే పెద్ద పిల్లి తినడం ఎందుకు మానేస్తుందన్న ప్రశ్న. చాలామంది చెప్పే జవాబు అసూయ. పిల్లి మనసులో ఏముందో ఎవరూ చెప్పలేరు గానీ, దాని పూర్వీకులెలా బతికారో, ఒంట్లో ఏం జరుగుతుందో చెప్పవచ్చు. 2007లో కార్లోస్ డ్రిస్కల్, సహచరులు జన్యువులను పోల్చి, ఇంటి పిల్లులన్నిటి మూలం పశ్చిమాసియా ప్రాంతపు అడవి పిల్లి లైబికా అని తేల్చారు. సైప్రస్ దీవిలో మనిషి పక్కనే పిల్లిని పాతిపెట్టిన సమాధి ఒకటి బయటపడింది, దాని వయసు 9,500 ఏళ్లు. అంతకాలం మనిషి పక్కనున్నా పిల్లి తన వేటను మార్చుకోలేదు. ఒంటరిగా పొంచి ఉంటుంది, ఒంటరిగా పడుతుంది, ఒంటరిగా తింటుంది. ఒక ఎలుక ఒక పిల్లికే చాలదు, పంచుకోవడానికి అందులో మిగిలేదేమీ లేదు. తోడేళ్ల సంతతి అయిన కుక్క గుంపులో తింటుంది. పిల్లికి తిండి వేళ అంటే వెన్ను చూపించి తల వంచే వేళ, అంటే అన్నిటికంటే బిక్కుబిక్కుమనే వేళ. దగ్గర్లో ముక్కూ మొహం తెలియని మరో పిల్లి ఉందంటే తల వంచదు.

పిల్లులు గుంపులుగా ఉండవా అంటే ఉంటాయి. చేపల మార్కెట్ల దగ్గర, హోటళ్ల వెనక సందుల్లో చూడవచ్చు. అయితే ఆ గుంపుల్లో ఎక్కువగా ఉండేవి తల్లులు, అక్కచెల్లెళ్లు, వాళ్ల కూతుళ్లు. ఒకదాన్నొకటి నాకుతాయి, ఒళ్లు రాసుకుంటాయి, ఒకదాని కూనలకు మరొకటి పాలిస్తుంది. బయటి పిల్లి వస్తే తరుముతాయి. ఒకే వాసన ఉన్న చుట్టరికం అది. టవల్లో చుట్టి తెచ్చిన కూన ఆ చుట్టరికంలోది కాదు. అది నడిచిన ప్రతిచోటా, తల రుద్దిన ప్రతి సోఫా మూలా పెద్ద పిల్లి ఏళ్ల తరబడి తన బుగ్గలతో, పాదాలతో అద్దిన వాసన మీద కొత్త వాసన పడుతుంది. మనుషులకు ఇల్లు నిన్నటిలాగే ఉంది. పిల్లి ముక్కుకు మాత్రం ఇల్లు రాత్రికి రాత్రి మారిపోయింది.

ఇలాంటి మార్పు ఆరోగ్యంగా ఉన్న పిల్లిని ఎంత దెబ్బతీస్తుందో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో జరిగిన ఒక అధ్యయనం చూపించింది. టోనీ బఫింగ్టన్ అక్కడ ఏళ్ల తరబడి పిల్లుల మూత్రాశయ వ్యాధి మీద పనిచేశారు. ఆయన, జూడీ స్టెల్లా, లిండా లార్డ్ కలిసి 32 పిల్లులను 77 వారాలపాటు రోజూ గమనించి 2011లో ఫలితాలు ప్రచురించారు. వాటిలో 20 ఆ వ్యాధి ఉన్నవి, 12 ఏ జబ్బూ లేనివి. అన్నిటికీ ఒకే తిండి, ఒకే వేళ, చూసుకునే మనుషులూ వాళ్లే, దాక్కోవడానికీ ఎక్కడానికీ చోటు, ఆడుకోవడానికి బొమ్మలు. అంత సుఖంగా ఉన్నచోట వ్యాధి ఉన్న పిల్లులు కూడా కుదుటపడ్డాయి.

కొన్ని వారాల్లో ఆ దినచర్య చెదిరింది. చూసుకునే మనిషి మారడం, వేళలు తప్పడం, అలవాటైన మనిషి కనబడకపోవడం. మనుషులు పట్టించుకోని మార్పులివి. ఆ వారాల్లో పిల్లులు వాంతులు చేసుకున్నాయి, తిండి తగ్గించాయి, ట్రే బయట మలమూత్రాలు చేశాయి. అందులో గమనించవలసింది ఒకటుంది. పూర్తి ఆరోగ్యంతో ఉన్న పిల్లుల్లోనూ ఇవే లక్షణాలు కనబడ్డాయి. చూసుకునే మనిషి మారినంత మాత్రానికే పిల్లి కడుపు ఇలా స్పందిస్తే, పక్కగదిలో కొత్త పిల్లి తిరుగుతుంటే ఎలా స్పందిస్తుందో ఊహించవచ్చు. దాన్ని మొండితనమనో అసూయ అనో పిలవడం అన్యాయం. ఒత్తిడి హార్మోన్లు జీర్ణకోశాన్ని బిగబట్టాయి, అంతే.

గిన్నె ముందు పిల్లి ఏం చేస్తుందో దగ్గరగా, ఓపికగా చూస్తే చాలా తెలుస్తుంది. ఒక పిల్లి అసలు కిందికే దిగదు. దిగినా గుమ్మం దగ్గర ఆగి, చెవులు పక్కలకు తిప్పి, కూన ఉన్న వైపే చూస్తూ వెనక్కి వెళ్లిపోతుంది. ఇది భయం. గిన్నెను బీరువా మీదికే తీసుకెళ్లి పెడితే ఈ పిల్లి తినవచ్చు. మరో పిల్లి గిన్నె దాకా వస్తుంది, వాసన చూస్తుంది, పెదాలు నాక్కుంటుంది, మింగినట్టు గొంతు కదిలిస్తుంది, తల పక్కకు తిప్పుకుని దూరంగా వెళ్తుంది. చొంగ కూడా కారవచ్చు. దీనికి వికారంగా ఉంది. ఇంకొకటి ఆత్రంగా నోట్లో పెట్టుకుని, వెంటనే వదిలేసి, పంజాతో మూతి రుద్దుకుంటుంది. దాని నోట్లో పుండో పంటి నొప్పో ఉండవచ్చు. మూడూ ‘తినడం లేదు’ అనే కిందికే వస్తాయి, కానీ మూడింటికీ చేయవలసినవి వేరు. ఫోన్లో అర నిమిషం వీడియో తీసి పశువైద్యుడికి చూపిస్తే పది మాటలతో చెప్పిన దానికంటే ఎక్కువ తెలుస్తుంది. ఎందుకంటే ఆస్పత్రి బల్ల మీద ఏ పిల్లీ గిన్నె ముట్టదు.

కూన రావడానికీ తిండి మానడానికీ మధ్య మరో దారి ఉంది. చాలా ఇళ్లలో దీన్ని ఆలస్యంగా గుర్తిస్తారు. కూన తనతో జబ్బు తెచ్చి ఉండవచ్చు.

సెల్లార్‌లోనో రోడ్డు మీదో దొరికిన కూనల్లో హెర్పిస్ వైరస్, కాలిసి వైరస్ తరచుగా ఉంటాయి. తుమ్ములు, కళ్లలో పుసి, ముక్కు కారడం. కాలిసి వైరస్ నాలుక మీద పుళ్లు లేపుతుంది, నమలడం నరకం. హెర్పిస్ ముక్కు మూసేస్తుంది, ముక్కు మూసుకుపోయిన పిల్లి తినదు. దానికి రుచి కంటే వాసనే ముఖ్యం. తీపి రుచి దానికి అసలు తెలియదు. ఫిలడెల్ఫియాలోని మోనెల్ పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు 2005లో ఆ రుచిని పట్టే జన్యువు పిల్లుల్లో పాడైపోయి పనిచేయడం లేదని కనిపెట్టారు. అందుకే తినని పిల్లికి పంచదార పాలు ఆశ చూపినా ప్రయోజనం ఉండదు.

హెర్పిస్‌కు మరో గుణం ఉంది. చిన్నప్పుడు సోకి తగ్గిపోయినా నరాల్లో నిద్రాణంగా ఉండిపోతుంది, ఒత్తిడి కలిగినప్పుడు లేస్తుంది. 1970లలో రోజలిండ్ గ్యాస్కెల్ చేసిన ప్రయోగాల్లో, ఉండే చోటు మార్చడమే కొన్ని పిల్లుల్లో ఆ వైరస్ మళ్లీ బయటపడడానికి చాలింది. అది కూడా వెంటనే కాదు, దాదాపు వారం ఆగి. అంటే కూన వచ్చిన వారానికి పెద్ద పిల్లి తుమ్మడం మొదలుపెడితే కూన నుంచి సోకి ఉండవచ్చు, తన ఒంట్లోనే ఏళ్లుగా ఉన్నది నిద్ర లేచి ఉండవచ్చు.

వీటికంటే భయపెట్టేది పాన్‌ల్యూకోపీనియా, పిల్లుల పార్వో. వాంతులు, విరేచనాలు, జ్వరం, తెల్ల రక్తకణాలు అడుగంటడం. టీకా లేని కూన ఒకటి రెండు రోజుల్లోనే పోవచ్చు. వైరస్ గిన్నెల మీద, నేల మీద, చెప్పుల మీద నెలల తరబడి బతుకుతుంది, ఫినాయిల్‌కు లొంగదు, పలచన చేసిన బ్లీచ్‌కు లొంగుతుంది. ఆ బ్లీచ్‌తో కడిగిన చోటు బాగా ఆరేదాకా పిల్లులను రానివ్వకూడదు. ఇంటికి తెచ్చిన ప్రతి కూననూ కనీసం పది పద్నాలుగు రోజులు వేరే గదిలో ఉంచాలని వైద్యులు చెప్పడానికి ఇది చాలు. అదృష్టవశాత్తు పెద్ద పిల్లి భయానికీ అదే మందు. ఒకే తలుపు రెండు పనులూ చేస్తుంది.

మగపిల్లి విషయంలో మరో జాగ్రత్త. ఒత్తిడికి మూత్రాశయం వాచి, సన్నటి మూత్రనాళం మూసుకుపోవచ్చు. తినడం మానేస్తుంది, మాటిమాటికీ ట్రేలోకి వెళ్లి ముక్కుతుంది, చుక్క రాదు. మలబద్ధకం అనుకుని ఆముదం పోయకూడదు. ఇది గంటల్లో ఆస్పత్రికి చేర్చవలసిన స్థితి, రెండు మూడు రోజులు వదిలేస్తే రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగిపోతుంది.

ఒళ్లు వేడిగా ఉందని పారాసిటమాల్ ఇవ్వడం మన ఇళ్లలో జరిగే ఘోరమైన తప్పు. మనిషి కాలేయం ఆ మందును గ్లూకురోనైడ్‌గా మార్చి బయటికి పంపుతుంది, పిల్లికి ఆ దారి దాదాపు లేదు. మనుషుల మాత్ర ఒక్కటి, ఏ బ్రాండు పేరుతో ఉన్నదైనా, పిల్లిని చంపగలదు. ఎర్ర రక్తకణాలు ఆక్సిజన్ మోయలేక చిగుళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి. కోడి ఉడికించిన నీళ్లు ఆశ చూపడం మంచిదే గానీ అందులో ఉల్లి, వెల్లుల్లి పడితే అవి కూడా ఎర్ర కణాలను పగలగొడతాయి. పిల్లి కోసం వండేదాంట్లో ఉప్పూ కారం సంగతి సరే, ఉల్లిపాయ ముక్క కూడా పడకూడదు.

మరి మొదటిరోజు ఏం చేయాలి? కూనను తలుపు వేయగల గదిలోకి మార్చాలి, దాని గిన్నె, నీళ్లు, ట్రే, పడక అన్నీ అక్కడే. పెద్ద పిల్లిని గదిలో పెట్టి కూనకు ఇల్లు వదిలేయడం చాలామంది చేసే పని, దానివల్ల పాత పిల్లి భయం నిజమైనట్టే అవుతుంది. ఇల్లు పాత పిల్లికే తిరిగి ఇవ్వాలి. పాత గిన్నె, పాత చోటు, పాత తిండి, పాత వేళ. ‘కొత్త రుచి పెడితే తింటుందేమో’ అని నాలుగు రకాల ప్యాకెట్లు వరసగా పరచడం కంటే అలవాటైనదాన్నే కొద్దిగా వెచ్చజేసి పెట్టడం మేలు. అప్పుడే పట్టిన ఎలుక ఎంత వెచ్చగా ఉంటుందో అంత వెచ్చదనం, సుమారు 37, 38 డిగ్రీలు, తిండి వాసనను లేపుతుంది. ఒక చెంచాడు పెట్టి, ఇరవై నిమిషాల్లో ముట్టకపోతే తీసేసి, గంట తర్వాత మళ్లీ తాజాగా. ఎండిపోయిన తిండి గిన్నెలో అలాగే ఉంటే వికారం పెరుగుతుంది.

దాక్కోవడానికి ఒక అట్టపెట్టె కావాలి. నెదర్లాండ్స్‌లోని ఒక పిల్లుల ఆశ్రయంలో క్లౌడియా వింకే బృందం కొత్తగా వచ్చిన 19 పిల్లుల్లో పదింటికి పెట్టె ఇచ్చి, తొమ్మిదింటికి ఇవ్వకుండా గమనించింది. పెట్టె దొరికినవి మొదటి రోజుల్లోనే కుదుటపడ్డాయి, మిగతావి అదే స్థితికి రావడానికి దాదాపు రెండు వారాలు తీసుకున్నాయి. ఆన్‌లైన్ సామాన్లు వచ్చిన పెట్టెను పారేయకుండా పక్కకు తిప్పి, లోపల ఇంట్లోవాళ్ల పాత చీర ముక్క పరిస్తే చాలు. పెట్టెలో ఉన్న పిల్లిని బయటికి లాగి ఒళ్లో పెట్టుకుని బుజ్జగించకూడదు. కొన్ని పిల్లులు మాత్రం ఇష్టమైన మనిషి రెండు మూడు అడుగుల దూరంలో నేల మీద ఊరికే కూర్చుంటే తింటాయి. ఆ మనిషి దాని కళ్లలోకి తదేకంగా చూడకుండా ఉండాలి.

సిరంజితో బలవంతంగా పోయడం చివరికి మిగిలే దారుల్లో కూడా మంచిది కాదు. వికారంగా ఉన్నప్పుడు నోట్లో కుక్కిన తిండిని పిల్లి గుర్తుపెట్టుకుని, కోలుకున్నాక కూడా ఆ వాసనకే మొహం తిప్పుకుంటుంది. ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం సరేసరి.

ఒక పూర్తి రోజు ఏమీ తినని పెద్ద పిల్లిని వైద్యుడికి చూపించాలి. కూన అయితే అంతసేపు కూడా ఆగకూడదు, దాని ఒంట్లో నిల్వలు లేవు కాబట్టి పూట తప్పినా రక్తంలో చక్కెర పడిపోతుంది. వాంతులు, కామెర్లు, మూత్రం రాకపోవడం, ఊపిరి కష్టం ఉంటే గంట కూడా ఆగకూడదు. కామెర్లను చెవి లోపలి పలచటి చర్మం మీద, చిగుళ్ల మీద పగటి వెలుగులో చూస్తే తెలుస్తుంది. దగ్గర్లో పిల్లులను చూసే క్లినిక్ లేకపోతే రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల్లో బోధనా ఆస్పత్రులున్నాయి.

వైద్యుడు ముందుగా వికారం ఆపే మందు, నీరసిస్తే సెలైన్ ఇస్తారు. ఆకలి పుట్టించడానికి మిర్టజపిన్ ఉంది. మనుషులకు దిగులు తగ్గించే మందుగా పుట్టిన ఇది పిల్లుల్లో ఆకలి పెంచి, వికారం కూడా తగ్గిస్తుంది. చెవి లోపలివైపు రాసే లేపనం రూపానికి అమెరికాలో 2018లో అనుమతి వచ్చింది. మాత్రగా ఇచ్చినా మోతాదు మనుషుల మోతాదులో చిన్న భాగమే, అందుకే ఇంట్లో ఎవరికో రాసిన మాత్రను విరిచి వేయడం కుదరదు.

అప్పటికే కాలేయం కొవ్వుతో నిండిపోతే మందులతో పని జరగదు. దానికి మందు తిండే. మత్తు ఇచ్చి మెడ పక్కనుంచి అన్నవాహికలోకి సన్నటి గొట్టం వేస్తారు. చూడడానికి గుండె దడదడలాడుతుంది గానీ పిల్లికి పెద్దగా బాధ ఉండదు, మెడకు గుడ్డ పట్టీతో ఇంట్లో తిరుగుతుంటుంది, గొట్టం ఉండగానే నోటితోనూ తినగలదు. మెత్తగా మిక్సీ పట్టిన ప్రోటీన్ ఎక్కువున్న తిండిని ఇంటివాళ్లే రోజుకు నాలుగైదుసార్లు సిరంజితో గొట్టంలోకి ఎక్కిస్తారు. మొదటిరోజే కడుపు నింపకూడదు. చాలా రోజులు పస్తున్న ఒంట్లోకి ఒక్కసారిగా తిండి పడితే రక్తంలోని ఫాస్ఫేటు, పొటాషియం కణాల్లోకి దూసుకుపోయి, మిగిలిన ప్రాణం కూడా పోవచ్చు. అందుకే అవసరంలో పావు వంతుతో మొదలుపెట్టి నాలుగైదు రోజుల్లో పూర్తి మోతాదుకు తెస్తారు. మూడు నుంచి ఆరు వారాలు ఈ పని ఓపికగా చేసిన ఇళ్లలో ఎక్కువ పిల్లులు బతుకుతాయి. ఒకసారి కోలుకున్న కాలేయానికి మచ్చ కూడా మిగలదు.

పెద్ద పిల్లి రెండు మూడు రోజులు వరసగా కడుపు నిండా తిన్నాకే పరిచయాల సంగతి. తొందరపడితే మళ్లీ మొదటికే వస్తుంది. న్యూయార్క్ రాష్ట్రంలో ఎమిలీ లెవిన్, సహచరులు ఆశ్రయం నుంచి కొత్త పిల్లిని తెచ్చుకున్న కుటుంబాలను సర్వే చేసి 2005లో ఫలితాలు ప్రచురించారు. దాదాపు సగం ఇళ్లలో మొదట్లో కరుచుకోవడమో గీరుకోవడమో జరిగింది. మొదటి చూపులోనే గొడవపడిన పిల్లుల మధ్య తర్వాత కూడా గొడవలు ఎక్కువగా కొనసాగాయి. అంటే ‘రెండింటినీ వదిలేస్తే అవే సర్దుకుంటాయి’ అన్న సలహాకు ఆధారం లేదు, మొదటి పరిచయం ఎలా జరిగిందన్నది నెలల తర్వాత కూడా పనిచేస్తూనే ఉంటుంది.

పరిచయం ముక్కుతో మొదలవ్వాలి. మెత్తటి గుడ్డతో కూన బుగ్గలు తుడిచి పెద్ద పిల్లి తిరిగే చోట ఒక మూల వేయాలి. గిన్నె పక్కన కాదు, దాని పడక మీద అంతకంటే కాదు. మొదట బుసకొడుతుంది. బుస అంటే ‘దూరంగా ఉండు’ అని మాత్రమే, దానికి తిట్టకూడదు. ఆ గుడ్డను పట్టించుకోకుండా దాటిపోయే రోజు వస్తుంది. అప్పుడు మూసిన తలుపుకు అటూ ఇటూ, చాలా ఎడంగా గిన్నెలు పెట్టి, తిండి తగ్గకుండా చూసుకుంటూ రోజుకు కొంచెం దగ్గరికి జరపవచ్చు. ఎక్కడ తిండి తగ్గిందో అక్కడే ఆగి, గిన్నెను మళ్లీ వెనక్కి తీసుకోవాలి. కాటాతో తూచి రాసుకున్న అంకెలు ఇక్కడ మళ్లీ అక్కరకొస్తాయి.

తర్వాత చూపు. మన ఇళ్లకు దోమతెర తలుపు ఉండడం దీనికి బాగా కలిసొస్తుంది. తెరకు అటు కూన, ఇటు పెద్ద పిల్లి. రెండు నిమిషాలు చూసుకోవడం, రెండింటికీ ఇష్టమైన ముక్క ఏదో దొరకడం, తలుపు మూయడం. గుడ్లప్పగించి కదలకుండా చూస్తుంటే, తోక కొస కొట్టుకుంటుంటే అప్పటికప్పుడే మూసేయాలి. తెర తీసే రోజుకు ముందు కూనను ఈకల కర్రతో ఆడించి దాని చురుకంతా దించేయాలి. కొత్త పిల్లి కూన అయితే అసలు గొడవ చాలాసార్లు ఇక్కడే ఉంటుంది. దానికి పెద్ద పిల్లి మీద కోపం లేదు, పెద్ద పిల్లి తోక దానికి ఆటవస్తువు. బీరువా నుంచి గిన్నె దాకా ఉన్న పది అడుగుల్లో ఎక్కడ మీద పడుతుందో తెలియక పెద్ద పిల్లి దిగదు. గిన్నెను గోడ పక్క అరమీదికో, కూన ఇంకా ఎక్కలేని ఎత్తుకో మారిస్తే ఆ పది అడుగుల భయం తీరుతుంది.

ట్రేలు రెండు పిల్లులకు మూడు ఉండాలని పశువైద్యులు చెబుతారు. మూడూ ఒకే బాత్రూంలో వరసగా పెడితే పిల్లి లెక్కలో అవి ఒక్కటే. నీళ్ల గిన్నెలు, ఎక్కే చోట్లు, పడకలు కూడా అంతే, ఒకదాని దగ్గర కూర్చున్న పిల్లికి రెండోది కనబడకూడదు. డబుల్ బెడ్‌రూం ఫ్లాట్‌లో ఇదంతా కుదురుతుందా అంటే, నేల మీద చోటు లేకపోయినా గోడల మీద ఉంటుంది. పిల్లి ఇంటిని అడుగులతో పాటు ఎత్తుతో కూడా కొలుచుకుంటుంది.

కొన్ని ఇళ్లలో రెండు వారాలకు రెండూ ఒకే కుర్చీలో పడుకుంటాయి. కొన్నింటిలో నెలలు పడుతుంది. కొన్ని పిల్లులు ఎన్నటికీ దగ్గర కావు, ఒకటి హాల్లో ఉంటే మరొకటి పడగ్గదిలో ఉంటూ పేచీ లేకుండా బతుకుతాయి. పెద్ద పిల్లి బాగా తింటూ, తనను తాను నాక్కుంటూ, ట్రే సరిగ్గా వాడుతూ ఉంటే ఆ దూరం దానికి సరిపోయినట్టే. పక్కపక్కన గిన్నెలు పెట్టి తినిపించడాన్ని స్నేహానికి గుర్తుగా ఫోటో తీసుకోవడం మనుషుల సరదా. పక్కపక్కన తినే చాలా పిల్లులు వేరే దిక్కులేక హడావిడిగా మింగి వెళ్లిపోతుంటాయి. ఎప్పటికీ వేరు చోట్ల పెట్టడమే మంచిది.

వేరుగా పెట్టడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఎదిగే వయసు కోసం చేసిన కూనల తిండిలో కొవ్వు, కాలరీలు ఎక్కువ, రుచీ ఎక్కువే. ఆకలి తిరిగొచ్చిన పెద్ద పిల్లి ముందుగా కనిపెట్టేది ఆ గిన్నెనే. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయి, ఫ్లాట్‌లోనే తిరిగే పిల్లి కొన్ని నెలల్లో అరకిలో పెరిగితే, తర్వాతిసారి ఏ కారణానికైనా తిండి మానినప్పుడు దాని కాలేయం మీద పడే బరువు అంత పెరిగినట్టే. అలా బరువెక్కిన పిల్లిని పస్తు పెట్టి తగ్గించకూడదు. వైద్యుడి లెక్క ప్రకారం వారానికి ఒంటి బరువులో ఒక శాతం, అంటే ఐదు కిలోల పిల్లికి 50 గ్రాములు తగ్గితే చాలు. బాత్రూం కాటా అంత సన్నటి తేడా చూపించదు, కూరగాయలు తూచే వేలాడే డిజిటల్ కాటాకు పిల్లి బుట్టను తగిలించి, ప్రతి ఆదివారం ఒకే వేళకు తూచి, ఖాళీ బుట్ట బరువు తీసేసి రాసుకోవచ్చు.